కత్తెరతో సినిమా తీసినావిడ

తెర వెనక పనిచేసినవాళ్ళ పేర్లు ఎవరు చదువుతారు చెప్పండి? ఆట ముగిసి దీపాలు వెలిగేసరికి మనం చెప్పులు వెతుక్కునే హడావుడిలో ఉంటాం. జర్మనీకి చెందిన లొట్టే రైనిగర్ బతుకు అలాంటి పేర్ల మధ్యనే మొదలైంది.

1899లో బెర్లిన్‌లో పుట్టింది. చిన్నప్పట్నుంచీ కత్తెరా, నల్ల కాగితమూ చేతికిస్తే చాలు, బొమ్మలు కత్తిరించేసేది. 1918లో పాల్ వెగెనర్ అనే నటుడు ఎలుకల్ని వెంటబెట్టుకుపోయే పిల్లనగ్రోవివాడి కథ సినిమాగా తీస్తుంటే, నిజం ఎలుకలు చెప్పినమాట వినలేదు. అప్పుడీ పిల్ల కొయ్య ఎలుకల్ని కొంచెం కొంచెంగా జరిపి, జరిపినప్పుడల్లా ఫొటో తీయించి నడిపించింది.

1921లో కార్ల్ కోఖ్‌ని పెళ్ళాడింది. రెండేళ్ళకి లూయీ హాగెన్ అనే బ్యాంకరు ఆవిడని పిలిచి పూర్తి నిడివి సినిమా తియ్యమన్నాడు. జర్మన్ డబ్బు పొద్దుటికీ సాయంత్రానికీ విలువ పోగొట్టుకుంటున్న రోజులవి. అందుకని ఆయన ముడి ఫిల్ము కొని దాచుకున్నాడు. మనవాళ్ళు బంగారం కొన్నట్టు! స్టూడియో ఎక్కడనుకున్నారు? పోట్స్‌డామ్‌లో ఆయన కారు షెడ్డు మీది గదిలో.

అద్దం బల్ల, కింద దీపం, పైన కెమెరా. కీళ్ళ దగ్గర తీగతో కట్టిన నల్ల అట్ట బొమ్మలు. చెయ్యి కాస్త కదపడం, ఒక ఫొటో. మళ్ళీ కదపడం, మళ్ళీ ఫొటో. మూడేళ్ళు! మన నిమ్మలకుంట తోలుబొమ్మలు దీపం ముందు రంగులతో మెరుస్తాయి. ఈవిడవి ఒట్టి నల్ల నీడలు. అయినా ఆ రాకుమార్తె మెడ వంచితే సిగ్గు తెలిసిపోతుంది. అరేబియన్ నైట్స్ కథలతో అల్లిన ఆ ‘ప్రిన్స్ అహ్మద్’ 1926లో బయటికొచ్చింది. డిస్నీ ‘స్నో వైట్’ 1937 నాటిది. నేటికి మిగిలివున్న పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో లొట్టేదే పాతది.

నాకు ముచ్చటేసింది మొగుడి సంగతి. పెళ్ళాం బొమ్మలాడిస్తే ఆయన కెమెరా చూసుకున్నాడు. పేరు ఆవిడకే వచ్చింది, ఆయనకేం బాధలేదు. ఇలాంటి మగాళ్ళు చరిత్రలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది లెండి!

హిట్లర్ రాజ్యంలో ఇమడలేక ఇద్దరూ దేశం విడిచారు. ఎక్కడా శాశ్వతంగా ఉండనివ్వలేదు. అనుమతి అయిపోగానే పెట్టె సర్దుకోవడమే. యుద్ధం మధ్యలో జబ్బుపడ్డ తల్లికోసం ఆవిడ బెర్లిన్ తిరిగి వెళ్ళక తప్పలేదు. ‘ప్రిన్స్ అహ్మద్’ అసలు నెగటివ్ ఆ యుద్ధానికే బలైంది. ఇవాళ మనం చూసేది మిగిలిన ప్రింటు పుణ్యం.

1949లో లండన్ చేరారు. అక్కడ టెలివిజన్‌కి ఆవిడ చిన్న కథలు తీస్తుంటే, ఆ కంపెనీ నడిపినవాడెవరో తెలుసా? చిన్నప్పుడు షెడ్డు మీది గదిలో ఆవిడ పని చూసిన పిల్లాడు, హాగెన్ కొడుకు!

1963లో కోఖ్ పోయాక చాలా ఏళ్ళు కత్తెర పక్కన పెట్టేసింది. మళ్ళీ పట్టుకుని, 1975లో, డెబ్బై అయిదు దాటాక, కెనడాలో ఒక ప్రేమకథ తీసింది. 1981లో కన్నుమూసింది.