అడవి లెక్క ఎవరు రాశారు? – మార్లవాయి నుంచి మేంఢా దాకా

కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

"సహజ వనరుల సంరక్షణ ద్వారా గ్రామీణాభివృద్ధి" అనే మాట ఇప్పుడు మన గూడేల్లో బాగా వినిపిస్తోంది. వాటర్‌షెడ్ వాళ్లు అంటారు, ఫారెస్టోళ్లు అంటారు, ట్రైనింగ్ పెట్టేవాళ్లూ అంటారు. మాట మంచిదే. అడవి, నేల, నీళ్లు బాగుంటేనే ఊరు బాగుంటుందని మనకు ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. కానీ మన ప్రాంతాల చరిత్ర తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. గత 140 ఏళ్లలో మన అడవి మీద ఎవరో ఒకరి ప్రణాళిక లేని కాలం లేదు. ప్రతి ప్రణాళికలోనూ "సంరక్షణ" అనే మాట ఉంది. అయినా మనోళ్లు ఎందుకు నష్టపోయారు? కొన్ని చోట్ల మాత్రం ఎందుకు నిలబడ్డారు? ఈ పోస్టు ఆ తేడా గురించే.

రాతలో లేని ప్రణాళిక

ముందు మన పెద్దల పద్ధతి చూద్దాం. కొత్తల పండుగ అందరికీ తెలుసు. మామిడి కొత్తలు చేయకముందు కాయ కోయరు, తినరు. బయటివాళ్లకు అది మూఢనమ్మకంలా కనిపించొచ్చు. లోపల ఉన్నది మాత్రం లెక్కే. కాయ ముదరాలి, టెంక గట్టిపడాలి, ఊరంతా ఒకేసారి మొదలుపెట్టాలి, ముందే దులుపుకుపోయేవాడు ఉండకూడదు. ఇప్ప చెట్టును పోడు కొట్టేటప్పుడు కూడా వదిలేస్తారు, ఎందుకంటే అది ఎండాకాలం తిండి. పోడు కూడా అంతే. రెండు మూడేళ్లు పండించి, ఆ చోటు వదిలేసి, అడవి మళ్లీ లేచాకే అక్కడికి తిరిగి వచ్చేవాళ్లు.

ఇదంతా ప్రణాళికే. కాకపోతే కాగితం మీద లేదు. కాగితం మీద లేకపోవడమే తర్వాత మనల్ని దెబ్బతీసింది.

గీత గీసినవాళ్లు

తెల్లదొరల పాలనలో తూర్పు కనుమల వైపు ఏం జరిగిందో చూడండి. రంప ప్రాంతంలో చెట్టు కల్లు మీద పన్ను వేశారు. దాన్ని చిగురు పన్ను అనేవాళ్లు. ఇంటి వాడకానికి గీసుకునే కల్లుకు కూడా కట్టాల్సిందే. దానికి తోడు మన్సబుదారు వసూళ్లు, వడ్డీ వ్యాపారుల కోర్టు కాగితాలు, అడవి మీద ఆంక్షలు. 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేచింది. ముత్తాదారులు కూడా జనంతో కలిశారు. కారం తమ్మన్న దొర లాంటి నాయకులు ముందు నిలిచారు. తిరుగుబాటును అణచేశారు.

మూడేళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. సర్వే చేసి, గీత గీసి, ఇది రిజర్వు అన్నారు. అభ్యంతరాలుంటే గడువులోపల చెప్పుకోండి అని నోటీసులు ఇచ్చే పద్ధతి ఉంది. చదువు రాని కొండ మీది మనిషి ఆ నోటీసు ఎట్లా చదువుతాడు? గడువు అయిపోయింది, అడవి సర్కారుది అయిపోయింది. నిన్నటిదాకా పోడు కొట్టుకున్న చోట ఇవాళ కొడితే నేరం. ఈ కడుపుమంటకు రోడ్డు పనుల్లో దోపిడీ తోడైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో దాడులు జరిగాయి. వాటి వెనక ఈ నలభై ఏళ్ల కథ ఉంది.

అప్పటి అటవీ శాఖ కూడా "అడవి సంరక్షణ" అనే చెప్పింది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం కలప, ఓడల కోసం టేకు, ఖజానాకు ఆదాయం. వాళ్లు కాపాడింది వాటి కోసం. ఎవరు లెక్క రాస్తే లాభం వాళ్ల వైపే పోతుంది. ఇది మొదటి పాఠం.

జోడేఘాట్ తర్వాత మార్లవాయి

ఇప్పుడు నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ వైపు వద్దాం. అక్కడా అదే కథ. రిజర్వు హద్దులు పెరిగాయి, గోండు, కోలాం గూడేలను ఖాళీ చేయించారు. మైదానం నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకున్నారు, తరాల నుంచి దున్నుకునేవాళ్లు మాత్రం ఆక్రమణదారులయ్యారు. జోడేఘాట్, బాబేఝరి చుట్టూ ఉన్న పన్నెండు గూడేల హక్కు కోసం కుమ్రం భీమ్ పోరాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ అని మనం ఇవాళ అంటున్న మాటలో మూడూ కలిసే ఉన్నాయి. నీళ్లు ఒక శాఖకు, అడవి ఒక శాఖకు, భూమి ఒక శాఖకు అని విడగొట్టలేదు.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఉపయోగించుకుంది. ఆయన, భార్య బెట్టి ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఉండి పనిచేశారు. ఇప్పటికీ ప్రతి జనవరి 11న, బెట్టి చనిపోయిన రోజున, మార్లవాయిలో వాళ్లను తలుచుకుంటారు. వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా పట్టాల గురించే చెప్పుకుంటాం. అది నిజమే. 1940ల చివరికి సుమారు 1,60,000 ఎకరాలకు ఆదివాసీ రైతుల పేరు మీద పట్టాలు వచ్చాయి. నా దృష్టిలో అంతకన్నా లోతైన పని 1943లో మొదలైన టీచర్ల శిక్షణ కేంద్రం. గోండు యువకులకే చదువు నేర్పి, వాళ్లనే టీచర్లుగా గూడేలకు పంపారు. గోండి భాషలోనే వాచకాలు తయారు చేశారు. కాగితం అంటే భయపడే చోట, కాగితం చదివి చెప్పే మనిషి మొదటిసారి గూడెంలోనే పుట్టాడు.

మరి ఆ పట్టాలు నిలిచాయా? చాలా చోట్ల నిలవలేదు. 1970లలో హైమెన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూసేసరికి ఎంతో భూమి చేతులు మారిపోయి ఉంది. రోడ్లు వచ్చాయి, వలసలు వచ్చాయి, అప్పులు వచ్చాయి. 1959 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ కాగితం మీద ఉన్నా, అమలు చేయించుకునే బలం గూడేనికి లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేలడం వెనక ఈ భూమి గోడు కూడా ఉంది.

ఎందుకిట్లా అయింది? పట్టా మనిషికి వచ్చింది, ఊరికి రాలేదు. పొలం చెక్క ఒకరి పేరు మీద పడింది గానీ, ఆ పొలానికి నీళ్లిచ్చే వాగు, ఎరువిచ్చే అడవి, కరువులో తిండి పెట్టే ఇప్ప చెట్టు మీద ఊరికి అధికారం రాలేదు. ఒంటరి రైతు అప్పుకు లొంగిపోయాడు. ఇది రెండో పాఠం.

వీఎస్‌ఎస్‌ల కాలం

1988 జాతీయ అటవీ విధానం కొంచెం భాష మార్చింది. అడవి మీద బతికే జనం అవసరాలు ముందు చూడాలంది. అంతకుముందే పశ్చిమ బెంగాల్‌లో అరాబారి అనే చోట ఒక ప్రయోగం జరిగింది. 1970లలో అక్కడి అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 ఊళ్లకు చెందిన 618 కుటుంబాలతో మాట్లాడి, మీరు కాపలా కాయండి, పని ఇస్తాం, కలప ఆదాయంలో నాలుగో వంతు మీదే అన్నాడు. పాడైపోయిన సాల అడవి మళ్లీ లేచింది. దీన్ని చూసి 1990 జూన్‌లో కేంద్రం అన్ని రాష్ట్రాలకు ఉమ్మడి అటవీ యాజమాన్యం సర్క్యులర్ పంపింది. మన దగ్గర 1992లో వన సంరక్షణ సమితులు, అంటే వీఎస్‌ఎస్‌లు మొదలయ్యాయి. ప్రపంచ బ్యాంకు అప్పుతో ప్రాజెక్టులు వచ్చాయి. కందకాలు తవ్వారు, రాతి కట్టలు కట్టారు, మొక్కలు నాటారు. కూలి దొరికింది, కొన్ని చోట్ల అడవి పచ్చబడింది కూడా. ఆ మేలును కాదనలేం.

కానీ సమితి పుట్టింది హక్కు నుంచి కాదు, సర్క్యులర్ నుంచి. మైక్రో ప్లాన్ అనేది ఊరి ప్రణాళిక అన్నారు. రాత మాత్రం ఎక్కువగా బీట్ ఆఫీసర్, రేంజర్ల చేతిలోనే ఉండిపోయింది. చాలా గూడేల్లో పోడు భూమిని కూడా వీఎస్‌ఎస్ కిందికి తెచ్చి మొక్కలు పెట్టారు. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక సమితి కూడా నిద్రపోయింది. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలిగేది హక్కు కాదు. ఇది మూడో పాఠం.

ప్రాణహిత అవతల ఒక ఊరు

ప్రాణహిత దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. మన కుమ్రం భీమ్, మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాలకు ఆనుకునే ఉంటుంది. ఆ జిల్లా ధనోరా తాలూకాలో మేంఢా అనే చిన్న గోండు ఊరుంది. పక్కనే లేఖా అనే ఊరు ఉండడంతో మేంఢా-లేఖా అంటారు.

1980లలో గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం డ్యాములు కడతామన్నప్పుడు ఆ అడవి ప్రాంతమంతా కదిలింది. ఆ ఉద్యమంలో నడిచిన ఊళ్లలో మేంఢా ఒకటి. ఉద్యమం అయ్యాక చాలా ఊళ్లు ఇంటికి వెళ్లిపోయాయి. మేంఢా వాళ్లు మాత్రం కూర్చుని ఆలోచించారు. ఢిల్లీలో, ముంబైలో మన ప్రభుత్వం ఉంది, మరి మన ఊళ్లో ప్రభుత్వం ఎవరు? మనమే అనుకున్నారు. అదే తర్వాత దేశమంతా తెలిసిన నినాదం అయింది.

వాళ్లు రెండు పనులు చేశారు. ఒకటి, గ్రామసభలో నిర్ణయం అందరూ ఒప్పుకుంటేనే. మెజారిటీ ఓటు లేదు. ఒక్కరు కాదన్నా మళ్లీ కూర్చుని మాట్లాడతారు. రెండోది మన స్టూడెంట్లు బాగా గమనించాల్సింది, అధ్యయన మండళ్లు. ఒక విషయం తీసుకుంటారు, బయట తెలిసినవాళ్లుంటే పిలుస్తారు, కూర్చుని చర్చిస్తారు. అడవి చట్టం ఏం చెబుతోంది, పాత రికార్డుల్లో మన హక్కు ఎట్లా రాసి ఉంది, వెదురు ఎట్లా పెరుగుతుంది, అన్నీ అక్కడే. తెలుసుకోవడం మండలిలో, నిర్ణయించడం సభలో. నాయకుడిగా పేరొచ్చిన దేవాజీ తోఫా కూడా సభ మాటకు లోబడే మనిషి.

అటవీ హక్కుల చట్టం వచ్చేసరికి ఈ ఊరు సిద్ధంగా ఉంది. 2009లో 1,800 హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు సాధించింది. దేశంలో మొట్టమొదట సాధించిన ఊళ్లలో ఇది ఒకటి. అప్పటికీ వెదురు అమ్ముకోనివ్వలేదు. రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం మాదే అన్నారు ఫారెస్టోళ్లు. ఊరు పట్టు వదల్లేదు. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చాడు. ఒకప్పుడు పేపర్ మిల్లుకు పోయిన వెదురు ఊరి ఆదాయమైంది. ఎంత కొయ్యాలి, ఏది వదలాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, ఊరే తేల్చుకుంటుంది.

మన చేతిలో ఏముంది?

ఇప్పుడు అసలు విషయం. మేంఢాకు ఉన్న చట్టమే మనకూ ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం ఊరు అంటే రెవెన్యూ గ్రామం కానక్కర్లేదు, తన ఆచారాల ప్రకారం నడిచే గూడెం కూడా ఊరే. దాని నియమాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే, పెంచుకునే, నడుపుకునే హక్కు ఇచ్చింది. వెదురు, తునికాకు కూడా చిన్న తరహా అటవీ ఫలసాయమే అని రాసింది. 2012లో సవరించిన నియమాలు ఇంకా స్పష్టం. గ్రామసభ కమిటీ వేసుకుని సంరక్షణ, యాజమాన్య ప్రణాళిక రాసుకోవాలి, దాన్ని అటవీ శాఖ ప్లాన్లతో కలపాలి. రవాణా పర్మిట్ కూడా ఆ కమిటీయే ఇస్తుంది.

చిక్కు ఎక్కడుందంటే, ఉమ్మడి రాష్ట్రంలో చాలా చోట్ల సామూహిక హక్కు పత్రాలు గ్రామసభ పేరు మీద కాకుండా వీఎస్‌ఎస్ పేరు మీద ఇచ్చారు. చట్టం హక్కు ఇచ్చింది సమితికి కాదు, సభకు. మీ గూడెం పత్రం ఎవరి పేరు మీద ఉందో ముందు చూడండి. అసలు పత్రమే లేకపోతే ఫారం-సి పెట్టాలి. ఫారం-ఎ వ్యక్తిగత భూమికి, ఫారం-బి సామూహిక హక్కులకు, ఫారం-సి ఊరి అడవి మొత్తానికి. చాలామంది ఫారం-ఎ దగ్గరే ఆగిపోయారు. మార్లవాయి పట్టాల కథ మళ్లీ జరగకూడదంటే మూడోది తప్పనిసరి.

సాక్ష్యం ఎక్కడిదని భయపడొద్దు. పెద్దల మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమే అని నియమాల్లో ఉంది. దేవర గుట్ట, పాత గూడెం ఆనవాళ్లు, శ్మశానం, వాగు, ఇవన్నీ హద్దులే. సభకు ఊరి సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తపసి బంక, చిల్లగింజ, కరక్కాయ ఎక్కడ దొరుకుతాయో, ఏ నెలలో ఎంత తేవచ్చో ఎక్కువ తెలిసింది వాళ్లకే కాబట్టి వాళ్లు లేని ప్రణాళిక సగం ప్రణాళికే.

1882లో నోటీసు చదివే మనిషి గూడెంలో లేడు. 1943లో ఒక్కొక్కరూ తయారవడం మొదలైంది. ఇవాళ ప్రతి గూడెంలో డిగ్రీ చదివినోళ్లు ఉన్నారు, జీపీఎస్ ఉన్న ఫోన్ ఉంది. హాస్టల్ నుంచి సెలవులకు వెళ్లినప్పుడు నలుగురు కూర్చుని ఒక అధ్యయన మండలి పెట్టండి. తాతను వెంటబెట్టుకుని హద్దులు నడవండి. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో నోట్‌బుక్‌లో రాయండి. నిర్ణయం మాత్రం మనం తీసుకోవద్దు. చదువుకున్నాం కదా అని పెద్దల తరఫున సంతకాలు పెట్టే కొత్త దొరలం మనం కాకూడదు. మనం రాసేవాళ్లం, చెప్పేది సభ.

మీ గూడెం హక్కు పత్రం ఎవరి పేరు మీద ఉందో కింద రాయండి. ఒక్కో ఊరి సంగతి తెలిస్తే మన లెక్క మన చేతికి వస్తుంది.

జల్, జంగల్, జమీన్. జై ఆదివాసీ.