ఒక్క సెకను, నాలుగేళ్లు: కొండ దారి సైకిల్ రేసర్ నినో షుర్టర్ చరిత్ర



కొండల్లో పుట్టినోళ్లు వెనకబడే ఉంటారనే మాట మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అందుకే ఈసారి స్విట్జర్లాండ్‌లోని ఒక కొండ పల్లెలో పుట్టిన ఆటగాడి గురించి చెప్పుకుందాం.

నినో షుర్టర్ 1986 మే 13న టెర్స్‌నౌస్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. గ్రౌబ్యుండెన్ రాష్ట్రంలో రోమాన్ష్ భాష మాట్లాడే లోయ అది. ఆ భాష మాట్లాడేవాళ్లు చాలా కొద్దిమంది. అయినా 1938లో ఆ దేశ ప్రజలు ఓటు వేసి దాన్ని జాతీయ భాషల్లో ఒకటిగా ఒప్పుకున్నారు.

నినో ఆట పేరు క్రాస్ కంట్రీ మౌంటెన్ బైక్. రాళ్లు, చెట్ల వేర్లు, నిట్టనిలువు ఎక్కుళ్లు, దిగుళ్లు ఉన్న చుట్టు దారిలో అందరూ ఒకేసారి బయల్దేరి, సుమారు గంటన్నర పాటు చుట్లు కొడతారు. ముందు గీత దాటినవాడే విజేత. ఈ ఆట ఒలింపిక్స్‌లోకి 1996లో వచ్చింది. ఆ మొదటి రేసులో స్విట్జర్లాండ్‌కే చెందిన థామస్ ఫ్రిష్‌నెక్ట్ రజతం గెలిచాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

నినో 2008 బీజింగ్‌లో కాంస్యం, 2009లో మొదటి ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2012 లండన్‌లో బంగారం తనదే అన్నట్టు చివరిదాకా ముందున్నాడు. ఆఖర్లో చెక్ రేసర్ యారోస్లావ్ కుల్హావీ దాటేశాడు. తేడా ఒక్క సెకను!

గంటన్నర కష్టం ఒక్క సెకనులో చేజారితే ఎట్లా ఉంటుందో పరీక్షల్లో ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకున్న మనోళ్లకు తెలుసు. ఒలింపిక్స్ మళ్లీ రావాలంటే నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ నినో రేసులు ఆపలేదు. 2013లో, 2015లో, 2016లో ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. 2016 రియోలో అదే కుల్హావీని రెండో స్థానానికి నెట్టి బంగారం అందుకున్నాడు.

2017లో ప్రపంచ కప్ రేసులు ఆరు జరిగితే ఆరూ తనే గెలిచాడు. 2022లో పదో ప్రపంచ టైటిల్ వచ్చింది. 2023లో, 37 ఏళ్ల వయసులో, తన రాష్ట్రంలోని లెంజర్‌హైడ్‌లో 34వ ప్రపంచ కప్ రేసు గెలిచి, ఫ్రాన్స్ రేసర్ జులియన్ అబ్సలోన్ పేరిట ఉన్న 33 విజయాల రికార్డు దాటాడు. 2025లో అక్కడే ఆటకు సెలవు చెప్పాడు.

ఇదంతా కొండల్లో పుట్టినందుకే వచ్చిందా? కాదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఫ్రిష్‌నెక్ట్ తన పతకం తనకు చాలనుకోలేదు. టీమ్ నడిపాడు, కుర్రాడైన నినోను అందులోకి తీసుకున్నాడు, ఏళ్ల తరబడి వెంట ఉన్నాడు. తనకు అందని బంగారం తన తర్వాతివాడికి అందేదాకా నిలబడ్డాడు.

మన ఏజెన్సీలో కొండలకు కొదవ లేదు, ఊపిరి బలానికీ కొదవ లేదు. మనకు తక్కువైంది ముందు వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగి చెయ్యి అందించడం. మనలో జిల్లా, రాష్ట్ర స్థాయి దాకా ఆడినవాళ్లు ఉన్నారు. అన్నలారా, అక్కలారా, ఈ సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఒక్క తమ్ముణ్నో చెల్లినో ఎంచుకోండి. పొద్దున్నే వాళ్లతో పాటు మీరూ పరుగెత్తండి. ఒకసారి ఓడితే వదిలెయ్యకండి, నాలుగేళ్లు వెంట ఉండండి.

జోహార్.