చేతులను చక్కబరచిన ఆచార్యులు

శతజయంతి సంచికలు తిరగవేస్తే ఏ దేవాలయము ఎప్పుడు కట్టబడింది, ఏ దొరగారు ఎన్ని సంవత్సరములు సేవ చేశారు, ఏ బడి ఎవరి హయాములో వెలసింది అన్న వివరములు కొల్లలుగా దొరుకుతాయి. అవి ఉండవలసినవే. కాని వైద్య పరిచర్య చరిత్రలో ఎముకల వైద్య ఆచార్యుల అధ్యాయము మన భాషలో బహు తక్కువగా వ్రాయబడింది. ఈ వ్యాసములో మేము ఆ అధ్యాయమునే ఎత్తుకొంటున్నాము.

గౌతమి ఒడ్డున మా వాడపల్లి వంటి తీర్థస్థలములలోను, రేవులలోను, సంతలలోను కుష్ఠు వ్యాధిగ్రస్థులు గుడ్డ పరచుకొని కూర్చుండుట మన పెద్దలు ఎరిగిన దృశ్యమే. వారు ముందుకు చాచిన చేతుల వేళ్ళు కొక్కెముల వలె లోపలికి ముడుచుకొని ఉండేవి. పడిన కాసును ఎత్తుకొనుటకు కూడ రెండు అరచేతులను దగ్గర చేర్చవలసి వచ్చేది. అట్టివారి కొరకు గౌతమికి ఆవల రామచంద్రపురములో కెనడా బాప్తిస్టు మిషను వారు గృహము నడిపారు. సాలూరులో లూథరను మిషను వారు, నైజాము ప్రాంతమందు డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు ఆసుపత్రులు నెలకొల్పారు. ఆ స్థలములలో అన్నము పెట్టారు, పుండ్లు కడిగారు, చాల్‌మోగ్రా నూనె సూదులు వేశారు. 1940లలో సల్ఫోన్ మందులు, ముఖ్యముగా డాప్సోన్, వచ్చిన తరువాత వ్యాధి క్రిమి అదుపులోనికి వచ్చింది. కాని ముడుచుకొన్న వేళ్ళు ముడుచుకొనే ఉన్నాయి. రోగము పోయినా దాని గుర్తు పోలేదు. గుర్తు ఉన్నంత వరకు ఊరు రానివ్వలేదు.

ఈ ముడిని విప్పబూనిన తొలివారిలో ముఖ్యులు డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు. ఆయన 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో మిషనరీ దంపతులైన జెస్సీ, ఎవెలిన్ బ్రాండ్‌లకు జన్మించారు. చదువు నిమిత్తము ఇంగ్లండు పంపబడిన బాలునికి 1929లో, తండ్రిగారు కొండ జ్వరముతో చనిపోయారన్న వార్త అందింది. పాల్‌గారు వెంటనే వైద్యములో చేరలేదు. మొదట కొన్ని సంవత్సరములు వడ్రంగము, తాపీపని మొదలైన కట్టుబడి పనులు నేర్చుకొన్నారు. తరువాత లండను యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో చదివి, యుద్ధకాలమందు శస్త్రవైద్యులై, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును ప్రకటించే మనకు ఆ తొలి వృత్తి సంగతి అప్రధానముగా తోచదు. ఏ కీలు ఏ వైపు తిరుగుతుంది, ఏ తాడు లాగితే ఏది కదులుతుంది అన్నది ఆ చేతులకు అప్పటికే తెలుసు.

ఆయనను చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమమునకు తీసుకొని వెళ్ళినవారు డాక్టర్ రాబర్ట్ కాక్రేన్‌గారు. ఇంతమంది వికలాంగులు కంటి ఎదుట ఉండగా ఎముకల వైద్యులెవరూ ఈ వ్యాధి వంక చూడలేదని కాక్రేన్‌గారు మందలింపుగా అన్నారట. అదే రోజున వంకర వేళ్ళున్న యువకుడొకడు బ్రాండ్‌గారి చెయ్యి పట్టుకొని, నొప్పి పుట్టేటంతగా బిగించాడు. చచ్చిపోయినదనుకొన్న చేతిలో ఇంత బలమెక్కడిది?

పరిశోధన జవాబిచ్చింది. ఈ వ్యాధి నరములను అన్నిచోట్లా ఒక్క తీరుగా చెరపదు. మోచేతి వద్దను, మణికట్టు వద్దను చర్మమునకు చేరువగా ఉండే చోట్ల చెరుపుతుంది. అందుచేత అరచేతిలోని చిన్న కండరములు చచ్చుబడతాయి గాని, ముంజేతిలోని పెద్ద కండరములు చాల వరకు బలముగానే మిగులుతాయి. ఆ బలమునకు ఎదురు నిలిచే చిన్న కండరములు లేకపోవుట వల్లనే వేళ్ళు వంగిపోతున్నాయి. అట్లయితే మిగిలిన బలమును లేనిచోటికి మళ్ళించవచ్చును గదా! మణికట్టును వెనుకకు వంచే కండరములలో ఒకదాని స్నాయువును తీసి, కాలిలోనుండి తెచ్చిన సన్నని స్నాయువుతో పొడిగించి, నాలుగు పాయలుగా చీల్చి నాలుగు వేళ్ళకు కుట్టే పద్ధతి ఆయన పేరుతోనే ప్రసిద్ధి కెక్కింది. ధవళేశ్వరము దగ్గర కట్టిన నీటిని కాలువలుగా పంచుట ఎరిగిన కోనసీమవారికి ఇంతకంటె వివరణ అక్కరలేదు. ఆపరేషను తరువాత రోగి ఆ కండరమునకు క్రొత్త పని నేర్పాలి. వారముల తరబడి ఆ వ్యాయామము జరగకపోతే కత్తి చేసిన పని వృథా.

శస్త్రముకంటె ఎక్కువ మేలు చేసినది మరియొక సంగతి అని మా అభిప్రాయము. కుష్ఠు వల్ల వేళ్ళు కుళ్ళి ఊడిపోతాయని వైద్యులు సహా అందరూ నమ్మేవారు. బ్రాండ్‌గారు, ఆయన సహచరులు రోగులను దినదినము కనిపెట్టి చూశారు. తుప్పు పట్టిన తాళమును తిప్పిన బాలుని వేలు ఎముక కనబడేలా చీలింది, అతనికి తెలియలేదు. రాత్రికి రాత్రి వేలిముక్క మాయమయ్యేది. కాపలా కాసి చూడగా అది ఎలుకల పని. స్పర్శ లేనందున రోగికి మెలకువ రాలేదు. అప్పటినుండి ఇంటికి పోయే రోగులకు ఒక పిల్లిని ఇచ్చి పంపేవారు. వేళ్ళను తినేది రోగము కాదు, నొప్పి తెలియకపోవుట. కాపాడుకొంటే పుండు అందరి పుండు వలెనే మానుతుంది.

చేతులు చక్కబడిన తరువాత అనుకోని చిక్కు వచ్చింది. చేతులు బాగున్నవానికి ఎవరూ బిచ్చము వేయరు, రోగి అని తెలిసినవానికి ఎవరూ పని ఇవ్వరు. ఈ ఫిర్యాదు రోగులే స్వయముగా తెచ్చారు. అందుకే వెల్లూరులో నవజీవ నిలయము ఏర్పడింది. అక్కడ బాగుపడినవారు వడ్రంగము నేర్చుకొని కొయ్యబొమ్మలు చేశారు. గురువుగారి పాత వృత్తి ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆచార్యులు సీమనుండి వచ్చి మనకు నేర్పుటయే లోకాచారము. ఇక్కడ దారి తిరగబడింది. 1952లో లండను రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్ వారు బ్రాండ్‌గారిని హంటేరియన్ ప్రొఫెసరుగా పిలువగా, కుష్ఠులో చేతి పునర్నిర్మాణమును గూర్చి ఆయన ఉపన్యసించారు. అనగా దక్షిణదేశపు బీదరోగుల చేతుల మీద నేర్చుకొన్న విద్యను లండను శస్త్రవైద్యులు కూర్చుండి విన్నారు. 1960లో ఆయనకు ఆల్బర్ట్ లాస్కర్ బహుమానము లభించింది.

ఆయన శిష్యులలో డాక్టర్ మేరీ వర్గీసుగారిని మరువరాదు. 1954లో కారు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని ఆమెకు నడుము క్రింది భాగము చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషనులు చేశారు. న్యూయార్కులో పునరావాస వైద్యము అభ్యసించి వచ్చి వెల్లూరులో ఆ శాఖను నడిపారు. 1972లో పద్మశ్రీ అందుకొన్నారు. వెల్లూరు దగ్గర కరిగిరిలో 1955లో ఆరంభమైన సంస్థకు పిమ్మట డైరెక్టరైన డాక్టర్ ఎర్నెస్ట్ ఫ్రిట్చిగారు 1971లో ఈ శస్త్రవిద్య మీద గ్రంథము వ్రాశారు. కరిగిరి చిత్తూరు జిల్లాకు కూతవేటు దూరము. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఆ సీమలోని పెక్కు తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనివే. ఇక మన తెలుగుదేశమందు ఎముకల వైద్యమునకు ప్రత్యేకముగా 1964లో హైదరాబాదు పంజగుట్టలో నిజాము ధర్మనిధి వారి ఆసుపత్రి తెరువబడింది. నేటి నిమ్స్ అదే.

సంఘము సంగతి కూడ చెప్పుకోవాలి. కుష్ఠును పాపమునకు పోలికగా చూపే ప్రసంగములు మన వేదికల మీద తరతరములుగా సాగాయి. లేవీయకాండములో ఆ పేరుతో చెప్పబడినది బట్టలకూ ఇంటిగోడలకూ కూడ పట్టేది. అది హాన్సెన్‌గారు 1873లో కనుగొన్న క్రిమి వల్ల వచ్చే వ్యాధియే అనుటకు ఆధారము లేదు. వెనుక బల్లమీద కూర్చున్న రోగి మాత్రము ఆ పోలికను తన గూర్చియే అనుకొని ఇంటికి పోయాడు. ఆశ్రమములను కట్టిన ప్రేమ గొప్పదే, కాని దాని చుట్టూ గోడ కూడ కట్టింది. క్రైస్తవుల 1869 నాటి విడాకుల చట్టములో కుష్ఠు ఒక కారణముగా నిలిచి ఉండగా, దానిని తొలగించినది 2019లో పార్లమెంటు. కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2005 చివరి లెక్కలను బట్టి దేశము ప్రకటించుకొన్నది. అయినను ప్రపంచములో ఏటేటా క్రొత్తగా గుర్తింపబడే రోగులలో సగమునకు మించి మన దేశమువారే.

బ్రాండ్‌గారు 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళి ఇరువది సంవత్సరములు పనిచేశారు. 2003లో సియాటిల్‌లో మరణించారు. కార్విల్‌లో ఆయన పరిశోధనలో ఒక ముఖ్య భాగము అరికాలి మీద పడే ఒత్తిడిని గూర్చినది. మధుమేహము వల్ల కాళ్ళకు స్పర్శ పోయినవారికి కూడ అదే ప్రమాదమని అక్కడ తేలింది. మెత్తని రబ్బరు చెప్పులు తొడుగుకొనుట, వట్టికాళ్ళతో నడవకపోవుట, ప్రతి సాయంకాలము అరికాళ్ళు త్రిప్పి చూచుకొనుట – ఇవి వెల్లూరులో, కరిగిరిలో కుష్ఠు రోగులకు నేర్పిన పాఠములు. ఈనాడు మన ఊరి షుగరు రోగికి డాక్టరుగారు చెప్పే జాగ్రత్తలు కూడ ఇవే.