నాలుగు తీగల మీద పెళ్లి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ల మార్కెట్ మెట్లెక్కి వచ్చారు కదా, ఇక ఇక్కడే నిలబడండి. కుర్చీ లేదు. ఉన్న ఒక్క స్టూలు మీద రిపేరు చేసే ఆయన కూర్చున్నాడు. బల్ల మీద మైక్రోస్కోపు, మల్టీమీటరు, ఫ్లక్స్ డబ్బా, డొప్పలు ఊడిన పెన్‌డ్రైవులు. కౌంటరుకు ఇవతల జనగామ నుంచి వచ్చిన ఫొటో స్టూడియో కుర్రాడు. కంప్యూటరుకు పెట్టి ఉన్న డ్రైవుకు మోకాలు తగిలిందట, మూతి వంగిపోయింది.

"అన్నా, పెళ్లి మొత్తం దీంట్లనే ఉంది. కెమెరా కార్డు ఖాళీ చేసి ఇంకో ఫంక్షన్‌కు వాడిన. వంచి పట్టుకుంటే లైటు వెలుగుతున్నది, ఒక్కసారి పెట్టి చూడవా?"

"పెట్ట. అట్ల పెట్టి పెట్టే చంపుతరు దీన్ని. ఇటియ్యి."

బ్లేడు అంచు డొప్ప అతుకులో దూరింది. చిన్న చప్పుడు, ప్లాస్టిక్ రెండు ముక్కలు. ఇప్పుడు మైక్రోస్కోపులో చూడండి. ఆకుపచ్చ పలక మీద రెండు వైపులా 24 చొప్పున కాళ్లున్న నల్లటి చిప్పు కనిపిస్తోందా? అదే నాండ్ ఫ్లాష్ మెమరీ. 1987లో తోషిబాలో ఫుజియో మసుఒకా బృందం ప్రకటించిన రకం. కరెంటు లేకపోయినా విద్యుదావేశాన్ని సన్నటి గదుల్లో పట్టి ఉంచుతుంది కాబట్టి మూతి విరిగినా పెళ్లి ఇంకా అక్కడే ఉంది. పలక తిప్పితే ఇంకో చిన్న చిప్పు, కంట్రోలర్. ఏ ఫొటో ఏ గదిలో దాచిందో తెలిసింది దానికొక్కదానికే. అందుకే అది కాలిపోయినా చిక్కే.

యూఎస్‌బీ మూతికి నాలుగు కాళ్లు. రెండు కొసల్లోవి 5 వోల్టులకు, గ్రౌండుకు. మధ్య రెండూ డేటాకు. ఇక్కడ రెండు లేచిపోయాయి. అందులో ఒకటి కింది రాగి ప్యాడును కూడా ఊడబెరుక్కుని పోయింది. ఆయన నాలుక చప్పరించాడు. ముందు మీటరు ముళ్లు పవరుకూ గ్రౌండుకూ ఆనించాడు. కూత రాలేదు, షార్టు లేదు. కూసి ఉంటే కరెంటు ఇచ్చే ఆలోచనే అక్కడితో ఆగేది.

పాత కేబులు ఒకటి కోశాడు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు తీగలు బయటపడ్డాయి. చవక కేబుళ్లలో రంగులు అబద్ధమాడతాయని ఒక్కో తీగనూ మీటరుతో పలికించి చూశాడు. డేటా తీగలు రెండూ తారుమారైతే కంప్యూటరు గుర్తుపట్టదు, అంతే. ఎరుపూ నలుపూ తారుమారైతే చిప్పులే పోతాయి. మూడు తీగలు చకచకా అతికాయి, ఫ్లక్స్ పొగ ముక్కుకు తగిలింది. నాలుగోదానికి ప్యాడే లేదు. రాగి గీత వెంట పోయి, పైనున్న పచ్చ పూత సూదితో గీకితే మెరుపు కనిపించింది. వెంట్రుకంత ఎనామిల్ తీగ దాని మీద పెట్టి, సోల్డరింగ్ ఐరన్ మొన అలా ఆనించి తీశాడు. ఊపిరి బిగబట్టింది మీరొక్కరే కాదు.

తీగలతో ఆ డ్రైవు ఇప్పుడు సెలైన్ ఎక్కుతున్న పేషెంటులా ఉంది. కేబులు రెండో కొసను లినక్స్ కంప్యూటరుకు పెట్టాడు. తెర మీద వరుసలు కదిలాయి. కంపెనీ పేరు వచ్చింది, తర్వాత సైజు: 29 జీబీ చిల్లర. డొప్ప మీద 32 అనే ఉంటుంది; కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, కంప్యూటరు 1024 లెక్కన. సైజు సున్నా అని వచ్చుంటే కంట్రోలర్‌కు మెమరీ అందడం లేదని అర్థం.

"మా సిస్టంల పెడితే ఫార్మాట్ చెయ్యాల్నా అని అడిగింది," అన్నాడు కుర్రాడు.

"చేసినవా?"

"లే అన్నా."

"బతికిచ్చినవ్."

ఫోల్డర్లు తెరిచి చూస్తాడనుకున్నారా? ఇంకా లేదు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డ్రైవును మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఒకే ఫైలుగా హార్డ్‌డిస్కులోకి దించుతున్నాడు. అది చదవగలిగినంత ముందు చదివేస్తుంది. మొరాయించిన చోటు దాటిపోయి, చివర్లో తిరిగొస్తుంది. సెకనుకు 20 ఎంబీ వేగంతో దాదాపు అరగంట పని. ఈలోగా బల్ల మీది మిగతావి చూడండి. అదిగో, ఫుట్‌పాత్ మీద కొన్న "2 టీబీ" డ్రైవు. లోపలున్న చిప్పు అందులో పిసరంత. కంట్రోలర్‌కు అబద్ధం నేర్పి అమ్మారు, నిండాక రాసినవన్నీ గాలిలో కలిశాయి. దానికి రిపేరు లేదు.

దించడం అయింది. ఆ ఫైలుకు ఇంకో నకలు తీసి, దాని మీద టెస్ట్‌డిస్క్ అనే ఇంకో ప్రోగ్రాం నడిపాడు. మొదట్లోని బూట్ సెక్టార్ చెడింది. లైటు వెలుగుతూ ఆరుతూ ఉన్నప్పుడు ఏదో రాత మధ్యలో తెగి ఉండొచ్చు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో దాని నకలు మామూలుగా 6వ నంబరు సెక్టార్‌లో ఉంటుంది. దాన్ని తెచ్చి మొదటి చోట పెట్టగానే ఫోల్డర్లు లేచి కూర్చున్నాయి: హల్దీ, మండపం, అప్పగింతలు. కుర్రాడు కౌంటరు మీదికి వంగిపోయాడు. మండపంలో కొన్ని ఫొటోలు సగం దాకా వచ్చి బూడిదరంగులో ఆగాయి. అవి పోయినట్టే. తలంబ్రాలు దక్కాయి.

"కొత్త మూతి పెట్టి ఇయ్యవా అన్నా, వాడుకుంట."

"ఇది ఇంక చెత్తలకే. కొత్తది కొనుక్కో, రెండు కొను."

మీ డ్రైవు వంగితే వంగినట్టే తీసుకెళ్లండి, మీరు సరిచేయబోవద్దు. కంప్యూటరు ఫార్మాట్ చేయాలా అని అడిగితే కేన్సిల్ నొక్కండి.