కుంటాల ధార, కడెం గేట్లు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పాతకాలపు ప్రాజెక్టు నిర్వహణ పద్ధతికి ‘వాటర్‌ఫాల్’ అని పేరు. ఆ పేరులోని కిటుకు ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ దగ్గరి కుంటాలలో కళ్లకు కడుతుంది. కడెం వాగు అక్కడ మెట్లు మెట్లుగా దుంకుతుంది. కింది గుండంలో పడ్డ నీరు మళ్లీ పైమెట్టు ఎక్కదు. ఈ పద్ధతిలో ప్రాజెక్టు నడిచే తీరూ అదే. కస్టమర్ అవసరాల పత్రం, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, అప్పగింత వరుసగా సాగుతాయి. ఒక దశ మీద సంతకాలు పడ్డాకే తర్వాతిది మొదలు.

విచిత్రమేమిటంటే, ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునే విన్‌స్టన్ రాయిస్ 1970 నాటి తన పత్రంలో ఆ మాటే వాడలేదు. మెట్ల బొమ్మ గీసి, ఉన్నదున్నట్టు పాటిస్తే ప్రమాదమని కూడా అక్కడే హెచ్చరించాడు. చాలామందికి బొమ్మే గుర్తుండిపోయింది. 1985లో అమెరికా రక్షణ శాఖ తెచ్చిన ప్రమాణంతో ఆ వరుసకు అధికార ముద్ర పడ్డట్టయింది.

1990ల్లో హైదరాబాద్ కంపెనీలకు ఇది బాగానే అచ్చొచ్చింది. వై2కే (2000 సంవత్సరపు తేదీల చిక్కు) పనినే చూస్తే, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయాలి, గడువు 1999 డిసెంబర్ 31. ఏం చేయాలో ముందే తెలుసు. కస్టమర్ సముద్రాల అవతల ఉంటాడు కాబట్టి ప్రతిదీ కాగితం మీద ఉండటమే మేలు. అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న జిల్లాల పిల్లలకు దొరికిన పని చాలావరకు ఈ కోవలోదే.

చిక్కంతా ముందే తెలియని పనితోనే. కుంటాల దాటిన అదే వాగు మీద, ఇప్పటి నిర్మల్ జిల్లాలో, కడెం ప్రాజెక్టు ఉంది. 1958 ఆగస్టులో వరద ఇంజినీర్ల అంచనాను మించిపోయింది. దాదాపు 8 అడుగుల వెసులుబాటు వదిలి కట్టినా, నీరు కట్ట మీద నుంచి అడుగున్నర ఎత్తున పొర్లింది. ఎడమ వైపు సుమారు 450 అడుగుల గండి పడింది. తర్వాత ప్రాజెక్టును బాగుచేశారు. ఇప్పుడున్నవి 18 గేట్లు, వదలగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో 5 లక్షలకు పైగా వచ్చింది, పైగా ఒక గేటు మొరాయించింది. కట్ట నిలిచింది.

అంచనా తప్పొచ్చని తెలిసినా ఆనకట్టను రెండు వారాలకో ముక్క కట్టి, నీళ్లు వదిలి చూసి దిద్దుకోలేరు. కోడ్‌ను దిద్దుకోవచ్చు. ముక్కలుగా చేసి, చూసి, దిద్దుకునే ‘అజైల్’ పద్ధతి పుట్టింది ఈ తేడాలోంచే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్ విడిదిలో 17 మంది కలిసి 4 విలువలతో ప్రకటన రాశారు, దానికి 12 సూత్రాలు జతయ్యాయి. అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్ అంతకు ముందే ఉంది. ఆ పేరు రగ్బీ ఆటది. జపాన్ ఆచార్యులు తకెయుచి, నొనాకా 1986లో దాన్ని కంపెనీల పనికి అన్వయించారు.

స్క్రమ్ టీమ్‌లో పొద్దున్నే ఏడెనిమిది మంది బోర్డు ముందు నిలబడతారు. “నిన్న లాగిన్ పేజీ అయిపోయింది. ఇయ్యాల పేమెంట్ పట్టుకుంటున్న. బ్యాంకోళ్ల టెస్ట్ అకౌంట్ రాలే, గదే అడ్డం.” ఈ ‘స్టాండప్’ పావుగంటలో ముగియాలి. ‘స్ప్రింట్’ అనే రెండు మూడు వారాల విడత చివర, నడిచే ముక్కను కస్టమర్‌కు చూపిస్తారు. అతను కొత్త కోరిక చెబితే చేయాల్సిన పనుల జాబితా అయిన బ్యాక్‌లాగ్‌లో చేరుతుంది, అంతకన్నా అవసరం తక్కువైంది వెనక్కి జరుగుతుంది. వాటర్‌ఫాల్‌లో అదే కోరిక ‘చేంజ్ రిక్వెస్ట్’ అవుతుంది. దానికి వేరే లెక్క, వేరే సంతకం. అయితే మేనేజర్ హాజరు తీసుకునే తంతుగా మారిన స్టాండప్‌ను అజైల్ అనడం పేరుకే. కాగితం దండగనుకున్న చోట పాతవాళ్లు ఉద్యోగం మారితే, కొత్తగా వచ్చినవాడికి దిక్కుతోచదు.

2020 జులై 21న కరీంనగర్‌లో, దిగువ మానేరు జలాశయం చేరువలో, ఐటీ టవర్ మొదలైంది. ఇలాంటి జిల్లా కేంద్రాల్లో పనిచేసే టీమ్‌కు కస్టమర్ ఎక్కడో ఉంటాడు, ఒప్పందం తరచూ ముందే ఖరారైన ధరకే. అందుకే రెండు పద్ధతులూ కలిసిపోతాయి. అవసరాలూ గడువూ పాత తీరులో రాసుకుంటారు, మధ్యలో కోడింగ్ స్ప్రింట్లుగా నడుస్తుంది, చివరి టెస్టింగ్, అప్పగింత మళ్లీ పాత వరుసే. ఈ కలగాపులగానికి ‘వాటర్-స్క్రమ్-ఫాల్’ అని పేరు కూడా పడింది. జీతాల లెక్కలో, గోదాము లెక్కలో పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే రాత్రికి మాత్రం ఏ గంటకు ఏ ఫైలు ఎక్కించాలో, తేడా వస్తే ఎక్కడ ఆగి వెనక్కి మళ్లాలో నిమిషాలతో సహా ముందే రాసి పెట్టుకుంటారు.