కింద ఏముండాలి? – ధ్యానపీఠం కథ

పతంజలి యోగసూత్రాలు మొత్తం 195. కొన్ని ప్రతుల్లో 196 ఉంటాయి. వాటిలో ఆసనాన్ని గురించి నేరుగా చెప్పినవి మూడంటే మూడు. అందులోనూ కాళ్లెలా మడవాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో ఒక్క మాట లేదు. కూర్చోవడం నిలకడగా ఉండాలి, సుఖంగా ఉండాలి, శరీరం పడే ప్రయాస సడలాలి. సారాంశం ఇంతే. యోగా అనగానే నేడు మన కళ్ల ముందు మెదిలే క్లిష్టమైన భంగిమల్లో చాలావాటిని తరువాతి శతాబ్దాల హఠయోగ గ్రంథాలు, 20వ శతాబ్దపు వ్యాయామ పద్ధతులు తెచ్చిపెట్టాయి. 'ఆసనం' అంటే మొదట కూర్చోవడం, కూర్చునే చోటు. పూజలో దేవుడికి ఆసనం సమర్పించేటప్పుడు మనం చూపించేది పీఠాన్నే కదా!

మరి గంటసేపు కదలకుండా కూర్చోవలసిన మనిషి కింద ఏముండాలి? ఇది చాలా పాత ప్రశ్న. భగవద్గీత ఆరో అధ్యాయంలో దీనికి ఒక జవాబుంది. శుభ్రమైన చోట, మరీ ఎత్తు కాకుండా, మరీ పల్లం కాకుండా, అడుగున దర్భలు, వాటి మీద జింక చర్మం, ఆపైన బట్ట పరచుకోవాలి. మూడు పొరలు. ఎండిన గడ్డి పోచల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. గాలి ఉష్ణాన్ని సులభంగా పోనివ్వదు కనుక నేల చల్లదనం శరీరానికి తగలదు, చెమ్మ పైకి రాదు. చర్మం గడ్డిని గుచ్చుకోనివ్వదు. బట్ట చెమటను పీలుస్తుంది. మట్టి నేల మీద బతికిన మనుషులు అనుభవంతో కూర్చుకున్న ఏర్పాటిది. ధ్యానంలో పుట్టిన శక్తి భూమిలోకి 'ఎర్త్' అయిపోకుండా దర్భాసనం ఆపుతుందని కొందరు చెబుతుంటారు. అటువంటి శక్తినీ, దాని ప్రవాహాన్నీ ఏ పరికరమూ కొలిచి చూపలేదు. దర్భ గొప్పతనానికి ఆ కథ అవసరమూ లేదు. చర్మం సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కృష్ణజింక, పులి చర్మాల వ్యాపారం నేరం. ఆ పొర స్థానంలో ఉన్ని కంబళి చక్కగా సరిపోతుంది.

బౌద్ధ భిక్షువులది మరో పద్ధతి. నిత్యం తిరుగుతూ ఉండేవాళ్లు గనుక పీఠాన్ని వెంట మోసుకుపోగలగాలి. వాళ్ల దగ్గర 'నిసీదనం' అనే కూర్చునే గుడ్డ ఉండేది. దాని పొడవు రెండు జానలు, వెడల్పు ఒకటిన్నర, అంచు ఒక జాన అని పాళీ వినయ నియమాలు కొలతలతో సహా చెబుతాయి. ఆ జాన బుద్ధుడి జాన! కొత్తది కుట్టించుకుంటే పాతదాని ముక్క ఒకటి అందులో కలపాలన్న నియమం కూడా ఉంది. బోధ్‌గయలో సిద్ధార్థుడు కూర్చున్నది గడ్డి కోసేవాడు ఇచ్చిన కొన్ని గుప్పిళ్ల గడ్డి మీదనని బౌద్ధ గాథలు చెబుతాయి. అక్కడ ఇప్పుడు కనిపించే వజ్రాసనం మాత్రం నున్నగా చెక్కిన రాతి పలక, అశోకుని కాలపుదని పురాతత్వవేత్తల అభిప్రాయం. గడ్డి రాయిగా మారడానికి రెండు మూడు శతాబ్దాలు పట్టిందన్నమాట. మన అమరావతి శిల్పుల చేతిలో అది మళ్లీ మెత్తబడింది. అక్కడి పాత ఫలకాల్లో బుద్ధుడి రూపం ఉండదు; ఖాళీ సింహాసనం, దాని మీద మెత్తలు ఉంటాయి. చెన్నై మ్యూజియంకు వెళ్లినప్పుడు ఆ మెత్తలను చూడడం మరవకండి.

ఇక నడుము సంగతి. యోగసూత్రాలకు వచ్చిన వ్యాసభాష్యం పేర్కొన్న ఆసనాల్లో 'సోపాశ్రయం' ఒకటి. ఆధారంతో కూర్చోవడమని అర్థం. దాదాపు వెయ్యేళ్ల కిందట వాచస్పతి మిశ్రుడు ఆ ఆధారమేమిటో విప్పి చెప్పాడు. అదే యోగపట్టం, అంటే నడుము చుట్టూ తిప్పి మోకాళ్లకు బిగించే గుడ్డపట్టీ. ఇది మీకు తెలియనిదేమీ కాదు. శబరిమల అయ్యప్ప పటంలో మోకాళ్ల దగ్గర కనిపించేది ఇదే. యోగనరసింహ విగ్రహాలన్నిటికీ ఇదే గుర్తు. కూర్చున్నవాడి మొండెం వెనక్కి వాలబోతుంది, మోకాళ్లు ముందుకు జారబోతాయి. ఒకే పట్టీతో రెండింటినీ కలిపితే ఒక లాగుడు రెండోదాన్ని ఆపుతుంది, వీపు కండరాలకు విశ్రాంతి దొరుకుతుంది. దేవుళ్లకే పట్టీ కట్టిన సంప్రదాయంలో, గోడకు ఆనుకున్న కుర్రవాణ్ణి చూసి నవ్వేవాళ్లుండడం వింతే.

దిండు విషయంలో అందరికంటే స్పష్టంగా రాసినవాడు 13వ శతాబ్దపు జపాన్ భిక్షువు డోగెన్. చైనాలో చదువుకుని 1227లో తిరిగివచ్చిన ఆయన, మందపాటి చాప పరిచి దాని మీద గుండ్రని దిండు వేసుకోమన్నాడు. ఆ దిండు పేరు 'జాఫు'. 'ఫు' అంటే జమ్ము. మన చెరువు గట్ల మీద పెరిగే జమ్ము జాతిదే. దాని కంకిలోని నూగును లోపల కూరేవారు. తరువాతి కాలంలో బూరుగు దూది వచ్చింది. 1243 నాటి రచనలో డోగెన్ ఇంకో సూక్ష్మం చెప్పాడు. దిండు మడిచిన కాళ్ల కిందికి పూర్తిగా రాకూడదట. మడిచిన కాళ్ల మధ్య నుంచి వెనక వైపు మాత్రమే దిండు ఉండాలి, కాళ్లు చాప మీదే ఉండాలి.

ఎందుకలా? సమాధానం ఎముకల్లో ఉంది. కూర్చున్నప్పుడు మొండెం బరువు కటి వలయం అడుగున ఉన్న రెండు గుబ్బల మీద పడుతుంది. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు కింద పెట్టి చూడండి, చేతికి తగులుతాయి. వాటి అడుగు గుండ్రం. కాబట్టి కటి వలయం ఉయ్యాల కుర్చీలా ముందుకూ వెనక్కూ ఊగగలదు. నేల మీద బాసిపట్లు వేసుకుంటే తుంటి కీలు బాగా మడతపడుతుంది. తొడల వెనక, పిరుదుల్లో ఉన్న కండరాలు బిగువుగా ఉన్నవారికి అవి కటి వలయాన్ని వెనక్కి దొర్లిస్తాయి. దానితో నడుము దగ్గర వెన్నెముకకు సహజంగా ఉండే లోపలి వంపు చదునవుతుంది, వీపు గూనిలా వంగుతుంది. అప్పుడు ఎంత పట్టుదలగా నిటారుగా కూర్చోబోయినా పది నిమిషాల్లో కండరాలు అలసిపోతాయి. తుంటిని మోకాళ్లకంటే ఎత్తులో ఉంచితే తొడకూ మొండేనికీ మధ్య కోణం పెరిగి వంపు తిరిగి వస్తుంది. అమెరికన్ వైద్యుడు కీగన్ 1953లో ఎక్స్‌రేలు తీసి ఈ కోణం తగ్గేకొద్దీ వంపు ఎలా చెరిగిపోతుందో చూపాడు. వంపు సహజంగా ఉండేది కోణం సుమారు 135 డిగ్రీలున్నప్పుడు. డోగెన్ దగ్గర ఎక్స్‌రే లేదు, కాని దిండును పెట్టవలసిన చోటే పెట్టాడు.

వెన్నుపూసల మధ్య డిస్కుల్లో ఎంత ఒత్తిడి ఉంటుందన్నదీ కొలిచారు. స్వీడన్‌లో నాకెమ్సన్ 1960లలో సూదితో డిస్కులోపలి ఒత్తిడిని కొలిచి, నిలబడినప్పటికంటే కూర్చున్నప్పుడు అది ఎక్కువన్నాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాల మాట ఇదే. 1999లో జర్మనీలో విల్కె బృందం ఒక వ్యక్తిలో మళ్లీ కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్, సడలించి కూర్చుంటే 0.46, బాగా ముందుకు వంగి కూర్చుంటే 0.83. ఒక్క మనిషి లెక్కలతో తీర్పు చెప్పలేం. అయినా కూర్చోవడమే తప్పన్న భయం మాత్రం తగ్గింది.

ఇక్కడ ఒక అపోహ అడ్డొస్తుంది. బాసిపట్లు భారతీయుల రక్తంలోనే ఉందని చాలామంది నమ్మకం. లాహోర్ వైద్య కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన హావెలాక్ చార్లెస్ 1893లో పంజాబీల కాలి ఎముకలను పరిశీలించాడు. చీలమండ దగ్గర ఎముకల మీద చిన్న నున్నని తలాలు కనిపించాయి. గొంతుకూర్చునే అలవాటుతో ఎముక ఎముకకు ఒరుసుకోవడం వల్ల వచ్చిన గుర్తులవి. ఆ తరువాత ప్రపంచంలో అనేక చోట్ల పురాతన అస్థిపంజరాల్లోనూ ఇటువంటివి దొరికాయి. అంటే జాతి కాదు, వాడకం. పీట మీద తిని, నేల మీద చదువుకున్న తాతగారి తుంటి కీలు తిరిగినట్లు, ఎల్.కె.జి. నుంచి బెంచీ మీద కూర్చున్న మనవడి కీలు తిరగదు. అందులో అవమానపడవలసింది లేదు, కాని తెలుసుకోవలసింది ఉంది. మోకాలు ప్రధానంగా మడత కీలు, తలుపు బందులాంటిది. తిరగవలసింది తుంటి. తుంటి తిరగనప్పుడు పాదాన్ని బలవంతంగా తొడ మీదికి లాగితే ఆ మెలిక మోకాలిలోని మృదులాస్థి మీద పడుతుంది. పద్మాసనం కోసం పందెం వేసుకునే హాస్టల్ మిత్రులకు ఇది చెప్పండి.

కాలు తిమ్మిరెక్కడం దీక్షకు కొలమానమనుకునేవాళ్లూ ఉన్నారు. తిమ్మిరి అంటే నరం నొక్కుకుపోతోందని అర్థం. మోకాలి పక్కన, కొంచెం కిందగా, బయటివైపు ఎముక మెడను చుట్టుకుని ఒక నరం చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలకు ఆజ్ఞలు వెళ్లేది దాని ద్వారానే. గంటల తరబడి మోకాళ్లు మడిచి వజ్రాసనంలో కూర్చున్న ఒక విద్యార్థికి పాదం పైకి లేవకుండా పోయిన సంగతిని 1971లో అమెరికన్ వైద్య పత్రికలో చూసిద్ అనే వైద్యుడు రాశాడు. లేచిన కొద్ది నిమిషాలకు తిమ్మిరి పోతే భయం లేదు. పోకపోయినా, కాలి వేళ్లు పైకి లేవకపోయినా డాక్టరుకు చూపించాలి. తిమ్మిరి మొదలవగానే కాలు మార్చుకుంటే అసలు అంతదాకా రాదు.

మీ ఇంట్లో దిండు కొనవలసిన పని లేదు. ఒక దుప్పటిని గట్టిగా మడవండి, నాలుగు వేళ్ల ఎత్తుతో మొదలుపెట్టండి. ముందంచు మీద కూర్చుని బాసిపట్లు వేయండి. మోకాళ్లు తుంటికంటే కిందికి వచ్చాయా? రాకపోతే ఇంకో మడత. అయినా గాలిలో తేలుతుంటే వాటి కింద చిన్న దిళ్లు పెట్టండి. నడుము వెనక అరచెయ్యి పెట్టి చూస్తే కొద్దిగా లోపలి వంపు తగలాలి. మరీ మెత్తని పరుపు పనికిరాదు, గుబ్బలు దిగబడి కటి వలయం మళ్లీ దొర్లుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మగారికి కుర్చీయే మంచిది. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కింద ఒక పీట వెయ్యండి.