ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? ఎన్‌బీఏ ట్విన్ టవర్స్ కథ

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటారు కదా. మరి ఒకే బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఇద్దరు ఏడడుగుల స్టార్లు ఇముడుతారా? ఈరోజు ఎన్‌బీఏ హిస్టరీలో రెండు జోడీల కథ చూద్దాం.

ముందు అసలు ప్రాబ్లమ్ ఏంటంటే, స్థలం. రింగ్ ముందు ఉండే ఏరియాని పెయింట్ అంటారు. దాని వెడల్పు 16 అడుగులే. పొడగరులకి ఈజీగా పాయింట్లు వచ్చేది అక్కడే. ఇద్దరూ అక్కడే నిలబడితే, వాళ్లని కాసే డిఫెండర్లు కూడా అక్కడికే వస్తారు. దారి మూసుకుపోతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇది మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్. ఇద్దరి కోడూ కరెక్టే, కానీ ఇద్దరూ అవే లైన్లు మార్చారు.

ఫస్ట్ జోడీ హ్యూస్టన్ రాకెట్స్‌ది. 1983 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ పిక్ రాల్ఫ్ శాంప్సన్, ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. 1984లో నంబర్ వన్ పిక్ హకీమ్ ఒలాజువాన్. హకీమ్ లోపల ఆడితే, శాంప్సన్ కాస్త బయటికి జరిగి ఆడాడు. కలిసి ఆడిన తొలి సీజన్‌లోనే ఇద్దరి సగటూ 20 పాయింట్లు, 10 రీబౌండ్లు దాటింది. 1986లో అప్పటి ఛాంపియన్ లేకర్స్‌ని 4-1తో ఇంటికి పంపారు. ఫైనల్లో మాత్రం బోస్టన్ చేతిలో 4-2తో ఓడిపోయారు. తర్వాత శాంప్సన్‌ని గాయాలు వెంటాడాయి. 1987 డిసెంబర్‌లో టీమ్ అతన్ని ట్రేడ్ చేసేసింది. అంటే ఐడియా పనిచేసింది, టైమే సరిపోలేదు.

ఇక రెండో జోడీ. శాన్ ఆంటోనియో స్పర్స్‌లో డేవిడ్ రాబిన్‌సన్ అంటే 1995 ఎంవీపీ, టీమ్ మొత్తం అతని చుట్టూనే తిరిగేది. 1996-97లో గాయాలతో 6 మ్యాచ్‌లే ఆడాడు. టీమ్ 82 మ్యాచ్‌ల్లో 20 మాత్రమే గెలిచింది. ఆ దెబ్బే అదృష్టమైంది. 1997లో నంబర్ వన్ పిక్ దొరికింది, టిమ్ డంకన్ వచ్చాడు. తర్వాతి సీజన్‌లో 56 విజయాలు!

కానీ ఇక్కడ అసలు ప్రశ్న: పెయింట్ ఎవరిది? 1993-94లో మ్యాచ్‌కి దాదాపు 30 పాయింట్లు కొట్టిన రాబిన్‌సన్, 1998-99కి 16 దగ్గరికి దిగాడు. ఎటాక్ డంకన్ చేతికి వెళ్లింది. రాబిన్‌సన్ డిఫెన్స్, రీబౌండ్ల మీద పడ్డాడు. 1999లో స్పర్స్‌కి మొట్టమొదటి టైటిల్ వచ్చింది. ఫైనల్స్ ఎంవీపీ డంకన్.

2003లో రెండో టైటిల్ గెలిచిన మ్యాచే రాబిన్‌సన్ కెరీర్‌లో చివరిది. అందులో డంకన్‌వి 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు, 8 బ్లాక్‌లు. పక్కనే 37 ఏళ్ల రాబిన్‌సన్‌వి 13 పాయింట్లు, 17 రీబౌండ్లు.

సో, రెండు కత్తులు ఇముడుతాయి. కాకపోతే ఒకటి పక్కకి జరగాలి. మనం తగ్గడం అంటే ఓడిపోవడం అనుకుంటాం. ఇక్కడ తగ్గింది సీనియర్, అదీ తను నిలబెట్టిన టీమ్‌లోనే. అతని ఖాతాలో పాయింట్లు తగ్గాయి, కప్పులు రెండు చేరాయి.

మీరైతే జరిగేవారా? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!